చిన్న తూటా... పెద్ద ప్రశ్న

కోడుమూరులో మా పెద్దనాయన ఇంటి ముందు నాపరాళ్లు పరిచిన అరుగు ఉంది. ఆదివారం పొద్దున కాఫీ, పేపరు, అమెరికా ఫోను... మూడూ అక్కడే. టెక్సాస్‌లో ఉండే మా అన్న అక్కడ రాత్రి భోజనం ముగించుకుని వీడియో కాల్ చేస్తాడు. మామూలుగా మనవళ్ల చదువులు, పెద్దమ్మ మోకాళ్లు, వానలు... ఇవే కబుర్లు. మొన్న నేను వెళ్లిన రోజు మాత్రం ఫోనులో బల్ల మీద నాలుగు ఇత్తడి గొట్టాలు వరసగా నిలబడి కనిపించాయి. చిన్నది, దానికంటే కాస్త పొడుగుది, ఇంకాస్త పొడుగుది, అన్నిటికంటే పొడుగుది.

‘‘ఏందిరా అవి? పెన్సిలు ముక్కల మాదిరి నిలబెట్టినావు?’’ అన్నాడు పెద్దనాయన కళ్లజోడు సర్దుకుంటూ.

‘‘తూటాలు నాయనా. నీ రివాల్వర్ వంశమే. నాలుగు తరాలు’’ అన్నాడు అన్న.

పెద్దనాయనకు .32 రివాల్వర్ ఉంది. 1998లో లైసెన్సు వచ్చింది. శెనక్కాయల వ్యాపారం చేసే రోజుల్లో ఆదోని మార్కెట్ నుంచి డబ్బు సంచితో రాత్రిళ్లు రావలసి వచ్చేది. అప్పటి రోజులు ఎట్లాంటివో మన సీమవాళ్లకు చెప్పనక్కర్లేదు. అప్పటినుంచి ఆ రివాల్వర్ బీరువా లాకరులో ఉంది. కాదు, సగం కాలం లాకరులో, మిగతా కాలం పోలీసు స్టేషన్లో. 2004, 2009, 2014, 2019, 2024... ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ అది స్టేషన్లో డిపాజిట్ కావడం, ఎలక్షన్ అయ్యాక తిరిగి ఇంటికి రావడం. ‘‘ఆడపిల్ల పుట్టింటికి వచ్చిపోయినట్టే’’ అంటుంది పెద్దమ్మ.

‘‘ఆ పొడుగుది మన దాంట్లో పడతాదా?’’ పెద్దనాయన అడిగాడు.

‘‘పడదు నాయనా. పడకూడదు. అందుకే పొడుగు చేసినారు’’ అన్నాడు అన్న.

ఆ ఒక్క మాటలో బోలెడు కథ ఉంది. ఈ వారం అదే చెప్పుకుందాం.

తాత, తండ్రి, కొడుకు, మనవడు

.32 అంటే అంగుళాన్ని వంద భాగాలు చేస్తే అందులో 32 అని లెక్క. కానీ తుపాకుల పేర్లకీ కొలతలకీ పెద్దగా పొత్తు కుదరదు. ఈ వంశంలో గుండు అసలు మందం .312 అంగుళం, అంటే 8 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. పిల్లలు రాసుకునే పెన్సిలు కంటే కాస్త లావు. నాలుగు తరాలకూ మందం ఒకటే. మారింది గొట్టం పొడుగు, అందులో పట్టే మందు.

తాత .32 ఎస్ అండ్ డబ్ల్యూ. అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1878లో తెచ్చింది. గొట్టం పొడవు 15 మిల్లీమీటర్లు. తండ్రి .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, 1896 నాటిది, 23 మిల్లీమీటర్లు. పెద్దనాయన రివాల్వర్లో పడేది ఇదే. న్యూయార్క్ పోలీసు బోర్డుకు అధ్యక్షుడిగా ఉన్నప్పుడు థియొడార్ రూజ్వెల్ట్ తన పోలీసులందరికీ ఒకే రకం ఆయుధం ఉండాలని .32 కోల్ట్ రివాల్వర్లనే ఎంచుకున్నాడు. తర్వాత ఆయనే అమెరికా అధ్యక్షుడయ్యాడు.

కొడుకు .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్. హ్యారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ అనే తుపాకుల కంపెనీ, ఫెడరల్ అనే తూటాల కంపెనీ కలిసి 1984లో తెచ్చాయి. 27 మిల్లీమీటర్లు. ఇక మనవడు .327 ఫెడరల్ మాగ్నమ్. ఫెడరల్, రూగర్ కంపెనీలు 2008లో తెచ్చాయి. 30 మిల్లీమీటర్ల పైచిలుకు.

అన్నట్టు, ‘మాగ్నమ్’ అంటే లాటిన్‌లో పెద్దది అని అర్థం. మామూలు సీసాకు రెండింతలు, అంటే లీటరున్నర పట్టే షాంపేన్ సీసాను మాగ్నమ్ అనేవాళ్లు. తూటాల వాళ్లు ఆ మాటను అరువు తెచ్చుకున్నారు. 1935లో వచ్చిన .357 మాగ్నమ్‌తో రివాల్వర్ల లోకంలో ఆ పేరు మోగిపోయింది. 1971లో ‘డర్టీ హ్యారీ’ సినిమాలో క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలోని .44 మాగ్నమ్‌ను చూసి ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది. ఆ హోరులో మన చిన్న మాగ్నమ్‌ను పట్టించుకున్నవాళ్లే తక్కువ.

చిన్నదే కానీ...

దాని గొప్పేమిటో అన్న ఫోనులో లెక్కలు చెప్పాడు. నేను కాగితం మీద వేసుకున్నాను.

పెద్దనాయన తూటాలో గుండు బరువు ఆరు గ్రాముల పైన. సెకనుకు 700 అడుగుల వేగంతో పోతుంది. హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్‌లో గుండు అయిదున్నర గ్రాములు, వేగం 1,100 అడుగులు. .327లో ఆరున్నర గ్రాముల గుండు దాదాపు 1,500 అడుగుల వేగం అందుకుంటుంది. శబ్దం కంటే వేగం. తాతల నాటి ఇంట్లోనే పుట్టి, వేగం రెండింతలు చేసుకున్న మనవడన్నమాట.

అంత వేగం ఊరికే రాదు. కారు టైరులో గాలి చదరపు అంగుళానికి 30, 35 పౌండ్లు ఉంటుంది కదా. .32 లాంగ్ పేలినప్పుడు గొట్టంలో పుట్టే ఒత్తిడికి హద్దు 15,000 పౌండ్లు. .327కి 45,000! అందుకే గొట్టాన్ని పొడుగు చేశారు. పాత రివాల్వర్లో కొత్త తూటా పొరపాటున కూడా ఎక్కకూడదని. బలవంతాన ఎక్కించి పేలిస్తే చెయ్యి పోతుంది, కన్ను పోతుంది. కానీ ఇటునుంచి అటు ఇబ్బంది లేదు. .327 కోసం చేసిన రివాల్వర్లో నాలుగు తరాల తూటాలూ వాడుకోవచ్చు. నేర్చుకునేటప్పుడు మెత్తగా పేలే తాతను, అవసరమైతే మనవడిని. ఇది మొదటి సుగుణం.

రెండోది, తూటా సన్నం కాబట్టి చక్రంలో చోటు మిగులుతుంది. రూగర్ వాళ్ల ఎస్‌పీ101 అనే చిన్న రివాల్వర్లో .357 తూటాలైతే అయిదు పడతాయి, .327 అయితే ఆరు.

మూడోది, అసలైనది. పేల్చినప్పుడు తుపాకి వెనక్కి తన్నడం సుమారుగా గుండు బరువును వేగంతో గుణించిన లెక్క. గుండులో ఉండే శక్తి మాత్రం వేగాన్ని రెండుసార్లు గుణిస్తే వచ్చేది. కాబట్టి గుండు తేలిక, వేగం ఎక్కువ అయితే తన్ను తగ్గి, శక్తి నిలుస్తుంది. పది గ్రాముల .357 గుండుతో పోలిస్తే .327కి శక్తి తొంభై శాతం పైన ఉంటుంది, తన్ను మాత్రం ముప్పావు వంతే. చెయ్యి తక్కువ అదిరితే గురి నిలుస్తుంది. సన్నటి మణికట్టు ఉన్నవాళ్లకు, వయసు పైబడినవాళ్లకు అది పెద్ద తేడా. కాకపోతే చప్పుడు మాత్రం చెవులు చిల్లులు పడేటంత!

గురి సంగతి పోటీల్లోనూ రుజువైంది. పెద్దనాయన వాడే .32 లాంగ్ తూటానే 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీల్లో ప్రపంచమంతా వాడుతుంది. ఆ పోటీలోనే మన జస్పాల్ రాణా 2006 దోహా ఆసియా క్రీడల్లో 590 పాయింట్లతో ప్రపంచ రికార్డును సమం చేసి బంగారు పతకం తెచ్చాడు. 

మరి ఇన్ని మంచి గుణాలుండి పేరెందుకు రాలేదు? 1984లో కొడుకు పుట్టాడు. రెండేళ్లు తిరక్కుండానే, 1986లో, కన్న కంపెనీయే మూతపడింది. ఆలోగా 9 ఎంఎం పిస్టళ్ల గాలి వీచింది. .38, .357 తూటాలు అక్కడి ప్రతి అంగట్లో దొరుకుతాయి. .327 కావాలంటే వెతుక్కోవాలి, ఎక్కువ పెట్టి కొనుక్కోవాలి. కొనేవాళ్లు లేరని అంగడివాడు తెప్పించడు, అంగట్లో లేదని కొనేవాడు అడగడు. మంచి సరుకు మూలన పడటానికి మన కోడుమూరు మగ్గాల మీద నేసే గద్వాల తరహా చీరల సంగతి చూసినా తెలుస్తుంది. గుణం ఒకటే చాలదు, సంతలో పేరుండాలి.

మనకెందుకు .32నే దిక్కు?

ఇంత విన్నాక పెద్దనాయన అడిగిన ప్రశ్న ఒకటే. ‘‘ఆ పొడుగుది మన కర్నూల్లో దొరకదా?’’

దొరకదు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది. సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం, .303 వంటి కొలతలు నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. మామూలు లైసెన్సుకు అవి ఇవ్వరు. 1980ల మధ్య నుంచి మామూలు పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు మూసేశారు. పేరున్న షూటర్లకు మాత్రం మినహాయింపు. ఇక మిగిలింది మన ఆయుధ కర్మాగారాలు చేసే .32. కాన్పూర్‌లో తయారయ్యే ఈ ఆరు తూటాల రివాల్వర్ బ్రిటిష్ కాలపు వెబ్లీ నమూనాకు వారసురాలు. 2014లో ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులో పట్టేలా ‘నిర్భీక్’ అని అర కిలో బరువుతో ఒకటి వచ్చింది. ధర లక్షా ఇరవై రెండు వేల పైనే. 2023లో చక్రం పక్కకు తెరుచుకునే ‘ప్రబల్’ వచ్చింది. అన్నీ .32లే. అన్నిట్లోనూ 1896 నాటి తూటానే. అక్కడ మనవడి దాకా వచ్చిన వంశం, మన దగ్గర తండ్రి దగ్గరే ఆగిపోయింది.

‘‘అంటే నాది నూరేండ్ల కిందటి మందు’’ అని నవ్వాడు పెద్దనాయన. నవ్వి, కాసేపు ఊరుకున్నాడు. ఫోను పెట్టేశాక నాతో చెప్పాడు.

గోనెగండ్ల దాటినాక...

‘‘నాయనా, ఎవురికీ చెప్పలేదు. మీ పెద్దమ్మకు గూడ చెప్పలేదు. 2002లో అనుకుంటా, శెనక్కాయల కాలం. ఆదోని నించి స్కూటర్ మీద వస్తా ఉండా. సంచిలో డబ్బుండాది. గోనెగండ్ల దాటినాక కల్వర్టు కాడ ఒకడు నిలబడుకోని చెయ్యి ఎత్తినాడు. ఇంకో చేతిలో పొడుగ్గా ఏందో ఉండాది. కొడవలే అనుకున్న్యా. స్కూటర్ ఆపినా. శాలువ కింద రివాల్వర్ తీసినా. వేలు దాని మీదనే ఉండాది. చెయ్యి వణుకుతాంది...’’

‘‘తర్వాత?’’

‘‘ ‘పెద్దాయనా, సైకిలు పంచరైంది, ఊర్లో దింపుతావా’ అన్న్యాడు. మన హమాలీ కొడుకు. పదైదేండ్లోడు. చేతిలో ఉండింది సైకిలు పంపు.’’

ఆ పిల్లవాడిని వెనక ఎక్కించుకుని కోడుమూరు దాకా తెచ్చాడట. దారి పొడుగునా వాడు ఏవేవో కబుర్లు చెబుతూనే ఉన్నాడట. ఈయనకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. ‘‘ఇందాక ఆటోలో పోతా దండం పెట్టినాడే, వాడే. ఇప్పుడు వానికి ఇద్దరు బిడ్డలు. వాడు దండం పెట్టినప్పుడల్లా నాకు ఆ కల్వర్టే గ్యాపకమొస్తాది. మీ అన్న చెప్తాండాడే, చెయ్యి తక్కువ అదురుతాది, గురి బాగుంటాది అని... ఆ పొద్దు గురి తప్పేంత దూరంలో గూడ లేడు వాడు.’’

నాకు మాట రాలేదు. తూటా గుణాలన్నీ తూటా గుణాలే. అది ఎవరి మీదికి పోవాలో తేల్చే గుణం మాత్రం ఏ తూటాకూ లేదు. ఆ పని చీకట్లో, భయంలో, అర సెకనులో మనిషి చెయ్యాలి.

వైద్య లోకంలో ఈ భయానికి లెక్క కూడా కట్టారు. 1993లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆర్థర్ కెలర్‌మన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. ఇంట్లో తుపాకి ఉన్న ఇళ్లలో హత్య జరిగే ప్రమాదం 2.7 రెట్లు ఎక్కువ కనిపించిందనీ, అదీ ఎక్కువగా ఇంటివాళ్ల చేతుల్లోనో, బాగా తెలిసినవాళ్ల చేతుల్లోనో అనీ తేల్చింది. దాని మీద అమెరికాలో వాదోపవాదాలు చాలా జరిగాయి. వాదనల సంగతెలా ఉన్నా, ఆ కల్వర్టు దగ్గర నిలబడింది తెలిసిన పిల్లవాడే.

ఎవరికిచ్చేది?

పెద్దనాయన ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నాడంటే దానికో కారణం ఉంది. ఆయనకిప్పుడు 71 ఏళ్లు. 2016లో వచ్చిన కొత్త ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు డెబ్భై ఏళ్లు నిండినా, ఆయుధం చేతిలోకి వచ్చి పాతికేళ్లయినా దాన్ని వారసులకు బదిలీ చేయమని అడగొచ్చు. ఆ వారసుడు మళ్లీ తన అర్హతలు చూపించి లైసెన్సు తీసుకోవాలి. పెద్దనాయనకు రెండు షరతులూ సరిపోయాయి. కొడుకు అమెరికాలో స్థిరపడ్డాడు. ఇంకెవరు?

కర్నూలులో టీచరుగా ఉన్న మా అక్క గురించి ఆయన ఆలోచించనే లేదు. చట్టం దృష్టిలో ఆమె కూడా వారసురాలే కదా అని నేనే అన్నాను. సాయంత్రం అక్క వచ్చింది. అడిగాడు.

‘‘నాకొద్దు నాయనా. మా ఇంట్లో ఇద్దరు పిల్లోళ్లు. బీరువా తాళం యాడ దాచిపెట్టినా ఎతికి పట్టుకుంటారు. బంగారమైతే పోతే పోయిందిలే అనుకుంటా. ఇదట్లా కాదు’’ అంది.

పెద్దమ్మ వంటింట్లోంచి అప్పుడు బయటికొచ్చింది. ‘‘పాతికేండ్ల నించి ఆ లాకరు తీసినప్పుడల్లా నాకు గుండె దడ. నగలు తీసుకోవాలన్నా నిన్నే పిలుచుకుంటి గాని నేను చెయ్యి పెట్టింటినా ఎప్పుడైనా?’’

నిజమే. ఆమె పెళ్లినాటి గొలుసు ఆమె చేతికి రావాలన్నా పెద్దనాయన ఇంట్లో ఉండాల్సిందే. పాతికేళ్లుగా ఇది మాలో ఎవరికీ తోచలేదు.

‘‘అది ఉండబట్టే గదా రాత్రిళ్లు వచ్చి చేరింది’’ అన్నాడు పెద్దనాయన, కాస్త బింకంగానే. ఆ మాటా తీసిపారేసేది కాదు. ఆ రోజుల్లో సీమ దారుల్లో రాత్రి ప్రయాణం చేసినవాళ్లకు తెలుసు. సంచిలో అది ఉందన్న ధైర్యం లేకపోతే ఆయన ఆ వ్యాపారమే మానుకునేవాడేమో. మా అన్న చదువు, అక్క పెళ్లి ఆ వ్యాపారంలోంచే వచ్చాయి. ఆ ధైర్యానికి ఒక రాత్రి ఎంత మూల్యం చెల్లించాల్సి వచ్చేదో కూడా ఆయనకే తెలుసు. రెండూ నిజాలే. ఒకదాన్ని పెట్టి రెండోదాన్ని కొట్టేయలేం.

మీ ఇంట్లోనూ ఉందా?

మన జిల్లాల్లో ఇలాంటి లాకర్లు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. ఉంటే నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. 

తుపాకి ఒకచోట, తూటాలు మరోచోట తాళం వేసి ఉంచాలి. లైసెన్సు గడువు ఎప్పుడు ముగుస్తుందో ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి. 2019లో చట్టాన్ని సవరించాక గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లయింది. ఒకరి పేరున గతంలో మూడు ఆయుధాల దాకా ఉండేవి, ఇప్పుడు రెండుకు మించకూడదు. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సరదాకి గాల్లోకి కాల్చి ఇతరులను ప్రమాదంలో పెడితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అన్నిటికంటే ముఖ్యం, పెద్దాయన ఉండగానే ఆయుధం ఎవరికి, ఎక్కడికి అన్నది తేల్చుకోవాలి. యజమాని పోయాక లైసెన్సు లేని తుపాకి బీరువాలో మిగిలితే అది పిల్లల మెడకు చుట్టుకుంటుంది. వద్దనుకుంటే స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేసి, అనుమతితో అమ్ముకోవచ్చు.

మరుసటి ఆదివారం అన్న మళ్లీ ఫోను చేశాడు. ‘‘నాయనా, ఆ నాలుగు తూటాలూ మందు లేకుండా వట్టి గొట్టాలు చేయించి ఫ్రేము కట్టిస్తా, గోడకు పెట్టుకుంటావా?’’ అన్నాడు.

‘‘వద్దురా. మనవండ్ల ఫొటో ఒకటి పంపీ, అది కట్టిస్తా’’ అన్నాడు పెద్దనాయన.

సోమవారం లైసెన్సు పుస్తకం, ఆధార్ కాగితం, రివాల్వర్ అన్నీ ఒక సంచిలో పెట్టుకుని స్టేషనుకు బయల్దేరాడు. ఎలక్షన్లు లేకుండా అది స్టేషనుకు పోవడం ఇదే మొదటిసారి. ఈసారి తిరిగి తెచ్చుకోవడానికి కాదు. నడవలేక ఆటో పిలిచాడు. వచ్చింది ఎవరి ఆటోనో చెప్పనక్కర్లేదుగా!